మాస్డెవాలియా విత్తనాలు 8 వారాలైనా కదల్లేదు: ఫ్లాస్కులు ఎంత చల్లగా ఉండాలి?

పొగమంచు

అందరికీ నమస్కారం. మాస్డెవాలియా కాక్సినియా అనే ఆర్కిడ్‌లో రెండు వేర్వేరు మొక్కల మధ్య పరాగసంపర్కం చేస్తే కాయ కట్టింది. కాయ ఎండి పగిలాక విత్తనం తీసి 12 సీసాల్లో చల్లాను. వివరాలు ఇవీ:

మీడియం (విత్తనం మొలిచే పోషకాల జెల్లీ) నడ్సన్ సి అనే సూత్రం, చక్కెర లీటరుకి 20 గ్రా., అగార్ 7 గ్రా., పీహెచ్ 5.5. ఇంట్లో వాడే 5 శాతం బ్లీచ్ ఒక వంతుకి నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి, విత్తనాన్ని అందులో 15 నిమిషాలు ఉంచాను. సీసాలు 250 మి.లీ.వి, ఒక్కోదాంట్లో 50 మి.లీ. మీడియం. మూతకి చిన్న కన్నం, అందులో దూది. ఇది చల్లటి ప్రాంతపు జాతి కదా అని మొక్కలున్న చోటే పెట్టాను: రాత్రి 9-10 డిగ్రీలు, పగలు 18-19.

8 వారాలయ్యాయి. మూడు సీసాల్లో మూత కింద, గోడ అంచున ఆకుపచ్చ బూజు మొదలైంది. ఒకదాంట్లో విత్తనాల చుట్టూనే పాలలాంటి జిగురు. మిగతా ఎనిమిదీ శుభ్రంగానే ఉన్నాయి కానీ విత్తనం చల్లిన రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. ఇంకా చల్లగా పెట్టాలా?

ఇంకో సంగతి. డీసా యూనిఫ్లోరా, సిప్రిపీడియం రెజీనే అనే ఇంకో రెండు ఆర్కిడ్ల ఎండు విత్తనాలు కూడా ఉన్నాయి. వాటికీ ఇదే మీడియం సరిపోతుందా?

గాజుసీసా

ఇంకా చల్లగా కాదండీ, వెచ్చగా పెట్టాలి. చల్లదనం కోరేది ఎదిగిన మొక్క. సీసాలో ఉన్న విత్తనానికి 18 నుంచి 22 డిగ్రీలు, అదీ రాత్రీ పగలూ దాదాపు ఒకేలా ఉండాలి. 10 డిగ్రీల్లో పిండం చచ్చిపోదు, పని చెయ్యదు అంతే. అలాగని 26-27 దాటనివ్వకండి. ఈ జాతుల ప్రోటోకార్ములు (విత్తనం మొలిచి మొదట ఏర్పడే చిన్న ఉండలు) ఆ వేడిలో కొన్నాళ్ళుంటే గాజులా పారదర్శకంగా ఉబ్బిపోవడమో, గోధుమరంగుకి తిరగడమో జరుగుతుంది. లైటు కింద మూసిన సీసా లోపల గదికన్నా 2-3 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. కాబట్టి గది కాదు, సీసా కొలవాలి. నీళ్ళు పోసిన ఒక ఖాళీ సీసాలో థర్మామీటరు ముంచి మిగతావాటి మధ్య పెడితే చాలు.

మీ బూజుకి కారణం కూడా ఈ చలే. సీసాలో గాలి సుమారు 200 మి.లీ. ఉంటుంది. 19 నుంచి 10 డిగ్రీలకి దిగేసరికి ఆ గాలి 3 శాతం కుంచించుకుపోతుంది, అంటే ప్రతి రాత్రీ 6 మి.లీ. బయటి గాలిని సీసా లోపలికి పీలుస్తుంది. 56 రాత్రుల్లో ఎంతో లెక్కేసుకోండి. పొడి దూది కొంతవరకు ఆపుతుంది. ఆవిరి పట్టి తడిసిన దూదిలోంచి మాత్రం బూజు పోగులు పాకుతూ లోపలికి దిగుతాయి. అందుకే మూత కింద మొదలైంది. ఆ దూది తీసేసి, కాగితం రకం సర్జికల్ టేపు రెండు పొరలు అతికించండి. ఈ మార్పిడి స్టిల్ ఎయిర్ బాక్సులోనే (గాలి కదలకుండా మూసిన, చేతులు పెట్టే కన్నాలున్న పెట్టె) చెయ్యాలని వేరే చెప్పక్కర్లేదు. తర్వాత సీసాలన్నీ ఒక థర్మాకోల్ పెట్టెలో పెడితే ఉష్ణోగ్రత ఊగిసలాట బాగా తగ్గుతుంది.

బూజు ఎక్కడ మొదలైందో చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. అంచున, మూత కింద అయితే గాలి. పైన అక్కడక్కడా చుక్కలుగా వస్తే చల్లేటప్పుడు చేతుల నుంచో, మన ఊపిరి నుంచో పడింది. విత్తనం చుట్టూనే వస్తే విత్తనశుద్ధి సరిపోలేదు. అసలు తెరవని సీసాలోనే మీడియం మసకబారితే దాన్ని స్టెరైల్ చేసిన ప్రెషర్ కుక్కర్ సరిగ్గా పని చెయ్యలేదు. ఈ చివరి రకాన్ని ముందే పట్టుకోవాలంటే మీడియం పోసిన సీసాలను వారం రోజులు ఖాళీగా ఉంచి, తేటగా ఉన్నవే వాడాలి. 15 పీఎస్‌ఐ దగ్గర 20 నిమిషాలు అంటాం గానీ, వెయిట్ పెట్టేముందు ఆవిరి గట్టిగా వచ్చేదాకా లోపలి గాలి పోనివ్వకపోతే ఆ పీడనానికి 121 డిగ్రీలు రావు. సముద్రమట్టానికి బాగా ఎత్తున ఉన్నవాళ్ళకి అదే వెయిట్‌తో రెండు మూడు డిగ్రీలు తక్కువే అందుతుంది, అక్కడ 30 నిమిషాలు ఉంచడం మేలు.

మీ పాలజిగురు సీసా మూడో రకం. ఆర్కిడ్ విత్తనం పైపొర వలలాంటి ఉత్త సంచి. అందులో గాలి చిక్కుకుని ఉంటుంది, దాంతో విత్తనం నీటి మీద తేలుతుంది, బ్లీచ్ లోపలికి పోదు. 100 మి.లీ. ద్రావణానికి ట్వీన్ 20 (సబ్బులా తడిపే ద్రవం) ఒక చుక్క వేయండి. లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క అయినా ఫరవాలేదు. ఇంకా మంచి పద్ధతి ఉంది: విత్తనాన్నీ బ్లీచ్‌నీ 10 మి.లీ. సిరంజిలోకి తీసుకుని, మొన వేలితో మూసి ప్లంజర్‌ను వెనక్కి లాగి పట్టుకోవాలి. సంచుల్లోంచి సన్నటి బుడగలు బయటికొస్తాయి. వదలగానే ద్రావణం వాటి చోట్లోకి దూరి విత్తనం మునుగుతుంది. రెండు మూడుసార్లు చేస్తే చాలు. ఆ తర్వాత స్టెరైల్ నీళ్ళతో రెండుసార్లు కడగాలి.

శుభ్రంగా ఉన్న ఆ ఎనిమిదీ పారెయ్యకండి. 20 డిగ్రీల దగ్గర ఇంకో రెండు నెలలు చూడండి.

నాచుకుండీ

గాజుసీసా గారు చెప్పినదాంతో పేచీ లేదు, కానీ రెండు నెలలు ఎదురుచూసే ముందు విత్తనం బతికి ఉందో లేదో తేల్చుకోవాలి. మాస్డెవాలియా పైపొర చాలా పల్చన. 0.5 శాతం హైపోక్లోరైట్‌లో, అంటే మీరు పలచబరిచిన బ్లీచ్‌లో, 15 నిమిషాలంటే నా దృష్టిలో ఎక్కువే, 5 నుంచి 8 చాలు. గడియారం కన్నా రంగు నమ్మకమైన గుర్తు: సంచి రంగు వెలిసి, లోపలి పిండం ఇంకా లేత పసుపులోనే ఉన్నప్పుడు ఆపెయ్యాలి. పిండం కూడా తెల్లబడిందంటే చేయి దాటిపోయినట్టే.

మిగిలిన పొడి విత్తనం కాస్త స్లైడ్ మీద నీటిచుక్కలో వేసి 40 రెట్లలో చూడండి. గళ్ళవల లాంటి సంచి, దాని నడుమ కోడిగుడ్డు ఆకారంలో నిండుగా, అంచులు స్పష్టంగా ఉన్న పిండం కనిపిస్తే మంచి విత్తనం. వల ఒక్కటే ఉండి నడుమ ఖాళీగా ఉంటే అది తాలు. నూరు లెక్కపెట్టి అందులో ఎన్ని గట్టివో రాసుకోండి. గట్టిది కదా అని బతికున్నట్టు కాదు, దానికి టెట్రాజోలియం పరీక్ష ఉంది: 1 శాతం ద్రావణంలో, చీకట్లో, 30 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచితే ఊపిరి ఉన్న పిండాలు ఎర్రబడతాయి. బ్లీచ్ చేసినదీ చెయ్యనిదీ పక్కపక్కన పరీక్షిస్తే మీ 15 నిమిషాలు ఏం చేశాయో తేలిపోతుంది.

మిగిలిన విత్తనాన్ని పల్చటి కాగితంలో మడిచి, సిలికా జెల్ ఉన్న గట్టి మూత డబ్బాలో, ఫ్రిజ్‌లో 4-5 డిగ్రీల దగ్గర పెట్టండి. ప్లాస్టిక్ కవరులో పెడితే మిగిలిన తేమకే పాడైపోతుంది.

ఇక డీసా యూనిఫ్లోరా సంగతి. దానికి ఫ్లాస్కు వద్దండీ, అనవసర శ్రమ. దక్షిణాఫ్రికా పశ్చిమ కేప్ కొండల్లో, వాగుల పక్కన నీళ్ళు ఓడే రాళ్ళ మీద పెరిగే మొక్క ఇది. ఆర్కిడ్లలో దీని విత్తనం బాగా పెద్దది, తడి నాచు మీద శిలీంద్రం తోడు లేకుండానే మొలుస్తుంది. ఎండు స్ఫాగ్నమ్ నాచుని జల్లెడ మీద రుద్ది పొడి చేసి, మరిగే నీళ్ళు పోసి చల్లారనిచ్చి పిండండి. చిన్న కుండీలో నింపి పైభాగం అరచేత్తో చదును చేసి విత్తనాన్ని పల్చగా చల్లాలి, పైన ఏమీ కప్పకూడదు. కుండీ ఒక సెంటీమీటరు నీళ్ళున్న పళ్ళెంలో, పైన గాజుపలక. 15-20 డిగ్రీలు, ఎండ తగలని వెలుతురు. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో పచ్చచుక్కలు కనిపిస్తాయి.

దీన్ని చంపేది మూడే: లవణాలు, వేడి, పైన పెరిగే పాకుడు, నాచు. వర్షపు నీరో ఆర్‌ఓ నీరో తప్ప పోయొద్దు. ఆకులు రాకముందే ఎరువు వేస్తే పైన నీలిఆకుపచ్చ పాకుడు పట్టి మొలకలను కప్పేస్తుంది. బతికున్న స్ఫాగ్నమ్ మీద చల్లమని కొందరంటారు. మొలుస్తాయి, కానీ ఆ నాచు మొలకల కన్నా వేగంగా ఎదిగి వాటినే మింగేస్తుంది, వారానికోసారి కత్తిరించే ఓపిక ఉంటేనే ఆ పని. అన్నట్టు డీసా విత్తనం నిలవకి ఆగదు. మీ దగ్గరున్నది ఎప్పటిదో చూసుకుని, ముందు దాన్ని చల్లెయ్యండి. మాస్డెవాలియా ఆగుతుంది, ఇది ఆగదు.

చెప్పులపువ్వు

సిప్రిపీడియం గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్కదానికి మాత్రం మీరనుకున్న చలి నిజంగానే కావాలి. కాకపోతే మొదట్లో కాదు, చివర్లో.

రెజీనే ఎండు విత్తనం మహా మొండిది. కాయ ముదిరేకొద్దీ పైపొర నీటిని దరిచేరనివ్వని మైనంలా మారుతుంది, లోపల మొలకను అణచిపెట్టే ఆబ్సిసిక్ ఆమ్లం కూడా పోగవుతుంది. అందుకే తెలిసినవాళ్ళు పరాగసంపర్కం అయిన 6 నుంచి 8 వారాల్లో, పైపొర ముదరకముందే పచ్చికాయ కోసి చల్లుతారు. పచ్చికాయతో ఇంకో లాభం, లోపలి విత్తనం ఎలాగూ శుభ్రమే. కాయను బ్రష్‌తో కడిగి, ఒకటికి తొమ్మిది బ్లీచ్‌లో 20 నిమిషాలు ఉంచి, స్టెరైల్ బ్లేడుతో చీలిస్తే సరి. కాయను ఆల్కహాల్‌లో ముంచి మంట చూపించే పద్ధతి ఉంది గానీ, చేతికి ఆల్కహాల్ తడి ఉండగా దీపం దగ్గరికి వెళ్ళొద్దు. రబ్బరు తొడుగులు ఉంటే అసలే వద్దు.

మీ దగ్గర ఉన్నది ఎండుది కాబట్టి బ్లీచ్ ఇక్కడ శుద్ధి కోసం ఒక్కటే కాదు, పైపొరను కరిగించడానికి కూడా. గంట దాటినా పట్టొచ్చు. పది నిమిషాలకోసారి కొన్ని విత్తనాలు తీసి చూడండి. గోధుమరంగు పోయి, మునగడం మొదలెట్టాక ఆపండి. మాస్డెవాలియాకి నాచుకుండీ గారు చెప్పిన 5 నిమిషాలు ఇక్కడ పెడితే ఏమీ జరగదు, ఇక్కడి గంట అక్కడ పెడితే బూడిద.

మీడియం నడ్సన్ వద్దు. నేలలో పెరిగే చల్లటి ప్రాంతాల ఆర్కిడ్లలో చాలావాటికి నైట్రేటు రూపంలో నత్రజని పడదు, అమైనో ఆమ్లాల రూపంలో ఇష్టం. స్వీడన్ వైద్యుడు మామ్‌గ్రెన్ ఇందుకోసం ఆస్పత్రిలో నరంలోకి ఎక్కించే అమైనో ఆమ్లాల ద్రావణాన్నే వాడాడు. ఆ తరహాలో లీటరుకి ఆ ద్రావణం 5 మి.లీ., అనాసరసం 20 మి.లీ., చక్కెర 10 గ్రా., యాక్టివేటెడ్ చార్‌కోల్ 1 గ్రా., అగార్ 6 గ్రా., కాస్త ఫాస్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు చాలు.

చల్లాక సీసాలను అల్యూమినియం రేకులో చుట్టి, 20 డిగ్రీల దగ్గర పూర్తి చీకట్లో ఉంచాలి. వెలుతురు వీటి మొలకను ఆపేస్తుంది. రెండు మూడు నెలల తర్వాత రేకు విప్పితే, నల్లటి మీడియం మీద తెల్లటి గసగసాల గింజల్లా ప్రోటోకార్ములు కనిపించాలి. పచ్చగా లేవని బెంగపడకండి, ఇవి చీకట్లో తెల్లగానే ఉంటాయి. ఆ తర్వాత ఒక కొసన మొగ్గ, దాని కింద వేర్లు వస్తాయి. వేర్లు 2-3 సెంటీమీటర్లయి, మొగ్గ తెల్లటి ముల్లులా నిలబడి, అక్కడితో ఆగిపోతుంది. ఎంత వెచ్చగా పెట్టినా ముందుకెళ్ళదు. ఇప్పుడు మూడు నెలలు ఫ్రిజ్‌లో 4-5 డిగ్రీల దగ్గర పెట్టాలి. ఆ చలి తిన్నాకే మొగ్గ విప్పి ఆకు తీస్తుంది. చలికాలం చివర్లో తీసి కుండీల్లోకి మార్చేలా వెనక్కి లెక్కేసుకుని మొదలుపెట్టండి. ఫ్రీజర్ అర పక్కన పెట్టి గడ్డకట్టించి మొత్తం పోగొట్టుకోవడం చాలా మామూలుగా జరిగే తప్పు.

పొగమంచు

చాలా థాంక్సండీ. 40 రెట్లలో చూశాను, పొడి విత్తనంలో నూటికి 60 దాకా గట్టి పిండాలున్నాయి. సీసాలోవి రెండు తీసి చూస్తే పిండం లేత పసుపులోనే ఉంది. డీసా ఇవాళే చల్లేస్తాను. రెండు సందేహాలు. నడ్సన్ సి కలిపేటప్పుడు తెల్లటి మడ్డి దిగింది, దాని వల్ల నష్టమా? మాస్డెవాలియా మొలిస్తే తర్వాత ఎప్పుడు, ఎలా మార్చాలి?

గాజుసీసా

పసుపు ఉందంటే ఆశ ఉంది.

మడ్డి నష్టమే. కాల్షియం నైట్రేటునీ ఫాస్ఫేటునీ గాఢంగా ఉండగా కలిపితే కాల్షియం ఫాస్ఫేటుగా దిగిపోతుంది. సల్ఫేట్లతో జిప్సం కూడా దిగుతుంది. అంటే మీరు తూచి వేసింది మొక్కకి అందదు. 1946 నాటి ఆ సూత్రంలో లీటరుకి కాల్షియం నైట్రేట్ 1 గ్రా., అమ్మోనియం సల్ఫేట్ 0.5, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.25, మెగ్నీషియం సల్ఫేట్ 0.25, ఫెర్రస్ సల్ఫేట్ 25 మి.గ్రా., మాంగనీస్ సల్ఫేట్ 7.5 మి.గ్రా. ముందు 800 మి.లీ. నీళ్ళు తీసుకోండి. ఒక్కో లవణాన్ని విడిగా కొంచెం నీళ్ళలో కరిగించి, కలుపుతూ పొయ్యండి, కాల్షియం నైట్రేట్ చివర్లో. ఫెర్రస్ సల్ఫేటు బదులు ఈడీటీఏ ఇనుము (మడ్డిగా దిగకుండా కరిగే ఉండే రూపం) వాడితే తుప్పురంగు మడ్డి కూడా ఉండదు. పీహెచ్ సరిచేసి, లీటరుకి నింపి, అప్పుడు అగార్. పీహెచ్ 5 కన్నా దిగితే కుక్కర్ వేడికి అగార్ విరిగిపోయి గడ్డకట్టదు, గంజిలా ఉంటుంది.

విత్తనం ముందు ఉబ్బుతుంది, సంచి చిరుగుతుంది, పచ్చబడుతుంది. అడుగున తెల్లటి నూగు కనిపిస్తుంది, అది బూజు అనుకుని సీసాలు పారేసేవాళ్ళున్నారు. లెన్సుతో చూడండి: ప్రోటోకార్ము నుంచే పుట్టి, పొట్టిగా, విడివిడిగా నిలబడి ఉంటే అవి నూగువేర్లు. మీడియం మీద అల్లుకుంటూ పాకితే బూజు. పచ్చబడ్డాక 1000-2000 లక్స్ లైటు రోజుకి 12 గంటలు చాలు.

మొదటి ఆకు మొన కనబడగానే, అంటే చల్లిన 4-5 నెలలకి, కొత్త సీసాల్లోకి మార్చండి. ఆలస్యం చెయ్యకూడదు. మొలకలు అమ్మోనియం పీల్చుకునేకొద్దీ నడ్సన్ మీడియం ఆమ్లంగా మారుతుంది, వేర్లు వదిలే ఫినాల్స్‌తో గోధుమరంగు తిరుగుతుంది, ఆ తర్వాత మొలకలు కొసల నుంచి నల్లబడతాయి. కొత్త మీడియంలో లీటరుకి చార్‌కోల్ 1-2 గ్రా., మెత్తగా చేసిన అరటిపండు 50 గ్రా. వేయండి. మొదటి సీసాలో మాత్రం అరటిపండు వద్దు. సీసాకి 25-30 మొలకలు, ఒకదానికొకటి తగిలేలా గుంపులుగా పెడితే విడివిడిగా పెట్టినదానికన్నా బాగా ఎదుగుతాయి. వీటికి సమూహం ఇష్టం.

నాచుకుండీ

బయటికి తీయడం గురించి నాలుగు మాటలు. ఆకు 2-3 సెంటీమీటర్లు, రెండు మూడు వేర్లు వచ్చేదాకా ఆగండి, చల్లిన దగ్గర్నుంచి ఏడాది పైనే పడుతుంది. ఎండాకాలంలో తీయొద్దు. తీసే ముందు పది రోజుల పాటు సీసాల ఉష్ణోగ్రతను మెల్లగా దించుతూ రాత్రికి 14-15కి తీసుకురండి. మీ చల్లటి చోటు ఇప్పుడు పనికొస్తుంది.

గోరువెచ్చని నీళ్ళలో అగార్ మొత్తం పోయేదాకా కడగండి. వేర్ల మధ్య ముక్క మిగిలితే అందులోని చక్కెరకి బూజు పట్టి కాడ మొదట్లోనే కుళ్ళుతుంది. కడిగి పిండిన స్ఫాగ్నమ్‌లో 15-20 మొలకలు కలిపి ఒకే చిన్న కుండీలో వదులుగా నాటాలి. నాచును వేలితో నొక్కితే తడి తెలియాలి గానీ నీళ్ళు కారకూడదు. మూతపెట్టిన పెట్టెలో తేమ 85-90 శాతం ఉంచి, మూడో వారం నుంచి రోజూ కాసేపు మూత తెరుస్తూ పోండి. లోపల చిన్న ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే మరీ మంచిది. వీటికి తేమతో పాటు కదిలే గాలి కూడా కావాలి, నిలవగాలిలో ఆకుల మీద నల్లమచ్చలు మొదలవుతాయి. పగలు 22 దాటకుండా, రాత్రి 11-13 ఉండేలా చూడండి. నెల తర్వాత ఎరువు, డబ్బా మీద రాసిన మోతాదులో ఎనిమిదో వంతు, అదీ రెండు వారాలకోసారి.

నాచు చుట్టూ చిన్న నల్ల ఈగలు ఎగురుతుంటే తేలిగ్గా తీసుకోవద్దు. వాటి పురుగులు లేత వేర్లు తింటాయి, మొలక పైకి బాగానే ఉండి, ముట్టుకుంటే ఊడి వస్తుంది. పసుపు జిగురు అట్టలు పెట్టి, నీళ్ళలో బీటీఐ (ఈగల పురుగులను చంపే బ్యాక్టీరియా మందు) కలిపి పోయండి.